గొంతు పెంచకుండా

నా జుట్టు నాగదుర్గ గుప్పిళ్ళలో ఉంది. రెండు గుప్పిళ్ళలోనూ. జడలు వేలాడేసుకుని రావద్దని మొదటిరోజు ఇక్కడి ఆయాలకి చెప్పింది నేనే, నేనూ బిగించి ముడి వేసుకునే వచ్చాను, కానీ ముడి పట్టుకోవడం ఇంకా సులువని నా తలకి ఇప్పుడు తెలుస్తోంది, పిన్నులు ఎప్పుడో రాలిపోయాయి, ఒకటి మెడ దగ్గర గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది. నా ఎడమచెంప ఆమె పొట్టకి ఆని ఉంది. సబ్బు వాసన, చెమట వాసన, పొద్దున్న ఒంటిమీద పోసుకున్న ఉప్మా వాసన. నాకు కనిపించేది వరండా గచ్చు, గచ్చు మీద కాళ్ళు, అంతే. పల్లంరాజుగారి నల్లబూట్లు, ఇవాళ సభ ఉందని పాలిష్ చేయించుకున్నారు. బుల్లెమ్మ ఉత్తకాళ్ళు, పగిలిన మడమలు, వాటి పక్కన వెదురుకర్ర కొన. ఇంత దగ్గరగా నాగదుర్గ పాదాలు, మునివేళ్ళ మీద నిలబడి వణుకుతున్నాయి. లాగకూడదు, వెనక్కి లాగిన కొద్దీ బిగుస్తుంది. నా రెండు చేతులూ ఆమె చేతుల మీద వేసి నా తలకేసే అదుముకున్నాను, ఇలా అదిమి ఉంచితే కుదుళ్ళు తెగవు, నిన్న మధ్యాహ్నం బుల్లెమ్మ చేత నా జుట్టు పట్టించుకుని వీళ్ళకి ఇదే చూపించాను, అందరూ పకపకా నవ్వారు, నేనూ నవ్వాను. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. మాట్లాడాలి, మెల్లగా మాట్లాడాలి, గొంతు ఏమాత్రం పెరిగినా ఈ గుప్పిళ్ళు ఇంకా బిగుస్తాయి, కాబట్టి లోపల ఎంత మండిపోతున్నా పసిబిడ్డని నిద్రపుచ్చే గొంతుతోనే అన్నాను.

"బుల్లెమ్మా, ఆ కర్ర కింద పెట్టెయ్యమ్మా."

"మీ జుట్టూడొచ్చేత్తాదండి మేడంగారూ!"

"ఊడితే ఊడనియ్యి. నువ్వు కర్ర పెట్టెయ్."

కర్ర కదల్లేదు. ఇదంతా మైకు వల్ల వచ్చింది, కాదు, కుర్చీల వల్ల, అదీ కాదు, పల్లంరాజుగారి వల్ల. ఈ ఆశ్రమానికి ఆయన మేనేజరు. రామచంద్రపురం దాటాక కాలవగట్టు మీద ఇది ఒకప్పటి కొబ్బరి గోడౌను, గోడల్లోంచి ఇప్పటికీ ఎండుకొబ్బరి కురిడీల వాసన వస్తుంది. అప్పాజీగారని రైసుమిల్లు ఆసామి, వాళ్ళమ్మగారి పేరు మీద దీన్ని ఆశ్రమం చేసి, ఇళ్ళల్లో ఎవరూ పట్టలేకపోయినవాళ్ళని తెచ్చి పెట్టారు, మాట రానివాళ్ళు, గోడకి తల కొట్టుకునేవాళ్ళు, దగ్గరికొస్తే కొరికేవాళ్ళు. ఆటిజం అనే మాట ఇక్కడ ఎవరి నోటా వినలేదు, మొండి అంటారు, పిచ్చి అంటారు, గాలి అంటారు. పుష్కరాలు వెళ్ళిన మరుసటి వేసవి ఇది, ఇక పనివాళ్ళెవరూ నిలవడం లేదని, ఒకావిడకి వేలు తెగిందని, రాజమండ్రి నుంచి నన్ను పిలిపించారు, మూడురోజుల శిక్షణ. శిక్షణ అనగానే బుల్లెమ్మ మొదటిరోజు నిజంగానే అడిగింది, "శిచ్చనంటే ఎవరికండి, మాకా, ఆళ్ళకా?" అని. నేను నవ్వేశాను. నవ్వవలసిన ప్రశ్న కాదు అది.

ఈ వరండా నాగదుర్గది. పొద్దున్నే ఈ కొస నుంచి ఆ కొస దాకా నడుస్తుంది, ప్రతి స్తంభాన్నీ అరచేత్తో తాకుతుంది, వెనక్కి వస్తుంది, మళ్ళీ వెళ్తుంది, ఆ నడక కుదిరితే ఆ రోజంతా ఆమె ఎవరి జోలికీ రాదు. ఇది వీళ్ళకి తెలుసు, నిన్న క్లాసులో వీళ్ళే చెప్పారు నాకు. అయినా సరే ఇవాళ ముగింపు సభ, ప్రెసిడెంటుగారు, అదే అప్పాజీగారు, వస్తున్నారు, కాబట్టి వరండా నిండా ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టేబులు, టేబులు మీద దుప్పటి, దాని మీద మైకు. మైకు వద్దని చెప్పాను. పల్లంరాజుగారు నవ్వుతూ, "ఆయ్, అలాగేనండి," అని వెళ్ళి పెట్టించారు. అది ఒక్కసారి కీచుమంది, పంది గొంతు కోసినట్టు, సరిగ్గా నాగదుర్గ గుమ్మంలోకి వచ్చిన క్షణాన. చెవులు మూసుకుంది, కుర్చీల్లోకి దూరబోయింది, దారి లేదు, అరిచింది, ఆయన వెనక నుంచి భుజాలు పట్టుకుని, "అటు పో, అటు పో," అని గెంటారు. స్తంభానికి నుదురు కొట్టుకుంది. బుల్లెమ్మ కర్ర ఎత్తింది. నేను మధ్యలోకి వెళ్ళాను. మిగిలిన ఆయాలు మాత్రం, మెచ్చుకోవాలి, మిగతావాళ్ళందరినీ హాల్లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశారు, నేను చెప్పింది చెప్పినట్టు. చెప్పింది చెప్పినట్టు చెయ్యనివాడు ఇక్కడ ఒక్కడే, అతనికి క్లాసులో కూర్చునే తీరిక లేదు, మూడురోజులూ గుమ్మంలో నిలబడి, "కానివ్వండి, కానివ్వండి," అన్నాడు.

"మైకు వైరు పీకెయ్యండి రాజుగారూ," అన్నాను, జోలపాట గొంతుతోనే.

బూట్లు కదిలాయి, ఎక్కడో టక్కుమంది, అప్పటిదాకా చెవుల్లో ఉన్న సన్నటి గుర్రుమనే చప్పుడు ఆగిపోయింది. ఆ చప్పుడు ఉందని ఆగాకే తెలిసింది నాకు. నాగదుర్గకి అదెంత పెద్దదో.

నొప్పి మొదట నెత్తి మీద ఉండేది, ఇప్పుడు కళ్ళ వెనక్కి వచ్చింది, కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారి ఆమె చుడీదారు తడిసిపోతోంది. నాకు నాగదుర్గ మీద కూడా కోపంగా ఉంది. ఇది ఏ క్లాసులోనూ చెప్పను. ఆమె బాధని అర్థం చేసుకోవాలి, అది ఆమె మాట, ఆమెకి ఉన్న ఒకే ఒక్క మాట అని ఊరూరా చెప్పే నోటితో, చెంపకి ఆనిన ఈ పొట్టని కొరికి పారెయ్యాలనిపించింది, గట్టిగా, రక్తం వచ్చేలాగా. బుల్లెమ్మకి రోజూ ఇలాగే అనిపిస్తుందేమో. బుల్లెమ్మ చేతిలో కర్ర ఉంది, నా నోట్లో పళ్ళున్నాయి, తేడా ఏమిటంటే నేను రేపు పొద్దున్న బస్సెక్కి వెళ్ళిపోతాను. ఊపిరి పీల్చు రెబెక్కా, వదులు, నీ పొట్ట మెత్తబడితే ఆమె పొట్ట మెత్తబడుతుంది, మళ్ళీ పీల్చు. నా బొటనవేళ్ళు ఆమె మణికట్టు మీద ఉన్నాయి, నిండు చేతుల చుడీదారు పైకి జారిపోయింది, ఇంత ఎండలో ఈ పిల్లకి నిండు చేతులెందుకు వేస్తున్నారా అని రెండురోజులుగా అనుకుంటూనే ఉన్నాను, చేతులు కొరుక్కుంటుంది కాబోలు అనుకున్నాను. వేళ్ళ కింద చర్మం నున్నగా ఉంది. చుట్టూ నున్నగా ఉంది. గాజు ఉండే చోట, గాజంత వెడల్పున, వెంట్రుక కూడా మొలవని నున్నటి గట్టు. ఎడమచెయ్యీ తడిమి చూశాను, అక్కడా అంతే. ఇది పళ్ళ పని కాదు. ఇది నాకు తెలుసు, కళ్ళు మూసుకుని తడిమి చెప్పగలను, ఈ గట్టుకి మా అమ్మ ఏళ్ళ తరబడి కొబ్బరినూనె రాసింది.

నా తమ్ముడు సుకుమార్‌కి కూడా మాటల్లేవు. వాడూ అమ్మ జుట్టు ఇలాగే పట్టుకునేవాడు, అమ్మ మిషన్ స్కూల్లో టీచరు, ఒకరోజు బడికి వెళ్ళే ముందు పట్టుకుంటే మధ్యాహ్నం దాకా వదల్లేదు. ఆ సాయంత్రం పెరట్లో ముక్కాలిపీట వేసుకు కూర్చుని నాన్న చేతికి కత్తెర ఇచ్చింది. నాన్న సగం కత్తిరించి ఇక నా వల్ల కాదన్నాడు, మిగిలిన సగం తనే కత్తిరించుకుంది. మర్నాడు ఆ తలతోనే బడికి వెళ్ళింది, ఆదివారం ఆ తలతోనే గుడికి వెళ్ళింది. వీధిలో ఎవరో, "ఏంటండి టీచరుగారూ, మీరు కూడా తిరపతెళ్ళొచ్చారా?" అని నవ్వితే, "లేదండి, మా అబ్బాయికిచ్చేశాను," అంది. వాడు ఆమె కంటే పొడుగయ్యాక, నాన్న పోయాక, ఇక పట్టలేక ఒక హోములో చేర్పించాం, మంచి పేరున్నదే. కొన్ని నెలలకి, తీసుకెళ్ళండి, మీవాడికి మేం చెయ్యగలిగింది చేశాం అని కబురొచ్చింది. వాడు వచ్చాడు. ఎవరి జుట్టూ పట్టుకోలేదు. అరవలేదు. మూల కూర్చోమంటే మూల కూర్చున్నాడు. అమ్మ తల దువ్వుదామని దువ్వెన ఎత్తితే రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని కింద కూలబడిపోయాడు. రెండు మణికట్లకీ ఇదే, ఇదే నున్నటి గట్టు. పాస్టరుగారి దగ్గర్నుంచి పాలమ్మాయి దాకా అందరూ ఒకటే మాట, "బాగుపడ్డాడండి అబ్బాయి, శిక్షణ బాగా ఇచ్చారు." బాగుపడ్డాడు. చప్పుడు చెయ్యనివాడు బాగుపడినట్టు. ఎవరికీ ఇబ్బంది లేకపోవడాన్ని వీళ్ళు బాగు అంటారు. ఆ మాట అన్న ప్రతి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఇన్నేళ్ళ తరవాత కూడా ఒక్కొక్కటీ పట్టుకుని గోడకేసి కొట్టాలని ఉంది, నేను ఈ ఉద్యోగంలోకి వచ్చింది జాలితో అనుకుంటారు అందరూ.

"బుల్లెమ్మా," అన్నాను, "ఈ పిల్ల చేతులకేంటమ్మా ఇది?"

పగిలిన మడమలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి.

"చెప్పమ్మా, నేనేమీ అనను."

"తాడండి."

"ఎక్కడ?"

"సామాన్లగదిలోనండి. కిటికీ ఊసకండి. రేత్రులేనండి, పగలు కట్టవండి. రేత్రి డూటీకి నేనొక్కదాన్నేనండి ఇంతమందికీని. ఈవిడ లేసి తిరిగిందంటే మిగిలినోళ్ళూ లేసిపోతారండి, ఒకళ్ళని పట్టుకుంటే ఇంకోళ్ళు కాలవకేసెళ్ళిపోతారండి. నన్నేం చెయ్యమంటారండి మరి?"

"ఇప్పుడెందుకే అవన్నీ!" అని పల్లంరాజుగారి గొంతు లేచింది. వెంటనే నా తల మీద గుప్పిళ్ళు మెలిపడ్డాయి, ఎక్కడో పటుక్కున తెగింది, కళ్ళ ముందు గచ్చు తెల్లగా అయిపోయింది.

సామాన్లగది. మూడురోజులుగా తాళం వేసి ఉన్న గది. ఇదేంటండి అంటే పాత సామాన్లండి, ఎలకలండి అన్నాడు. నేను పక్కగదిలో షీట్ల మీద బొమ్మలు గీసి, కోపం వచ్చే ముందు ఒంట్లో ఏమేం మారతాయో, ఎంత దూరంలో నిలబడాలో, ఎలా ఎదురుచూడాలో గొంతు పోయేదాకా చెప్తుంటే, గోడకి అవతల కిటికీ ఊచకి తాడు వేలాడుతూ ఉంది. ఈ మనిషి గుమ్మంలో నిలబడి తల ఊపుతున్నాడు. నేను అరవాలి. ఈ వరండా పెంకులెగిరిపోయేలా అరవాలి. అరవలేను, నా గొంతు కూడా ఆమె గుప్పిట్లోనే ఉంది.

"మేడంగారూ," ఈసారి మెల్లగానే అన్నాడు, వంగాడు కాబోలు, ఫోను పట్టుకున్న చెయ్యి కనిపించింది, "ప్రెసిడెంటుగారి కారు ద్రాక్షారం దాటేసిందటండి. మీరు కొంచెం ఓర్చుకోండి. చేతుల మీద ఒకటంటే ఒకటి వెయ్యమంటాను, ఠక్కున వదిలేస్తుందండి, మాకలవాటే."

"వేయించండి రాజుగారూ," అన్నాను. నా గొంతు నాకే వింతగా ఉంది, తేనె కలిపినట్టుంది. "వేయిస్తే, నేను లేచిన తరవాత, ఆ కర్రతోనే, మీ తలకాయ పగలగొడతానండి. మీరు చాలా దుర్మార్గులండి. మీకు సిగ్గూ లేదు, బుద్ధీ లేదండి."

"ఆయ్," అన్నాడు అలవాటుగా. తరవాత మాటలు అందాయి కాబోలు, బూట్లు ఒక అడుగు వెనక్కి వేశాయి. ఎవరూ తనని ఇంత మెత్తగా తిట్టి ఉండరు.

"కుర్చీలు తీయించండి. ఆమెకి దారి కనబడాలి."

"సభండీ... ఫొటోగ్రాఫరు కూడా వస్తున్నాడండి... కుర్చీలు తీసెయ్యమంటే ఎలాగండీ?"

వెదురుకర్ర గచ్చుకి ఆని, పడుకుంది. చప్పుడు కాకుండా పెట్టింది బుల్లెమ్మ. ఉత్తకాళ్ళు నా కంటి ముందు నుంచి వెళ్ళిపోయాయి, ఒక కుర్చీ నాలుగు కాళ్ళు గాల్లోకి లేచాయి, ఈడవకుండా ఎత్తి పట్టుకుపోయింది, మళ్ళీ వచ్చింది, ఇంకొకటి.

"ఏవే, ఎవరు తియ్యమన్నారే నిన్ను?"

"ఓపాలి రేత్రికొచ్చి పడుకోండి రాజుగారూ ఇక్కడ, మీకే తెలుత్తాది," అంది బుల్లెమ్మ. ఆమె కూడా గొంతు పెంచలేదు, కానీ అందులో తేనె లేదు. "తీసేత్తే తీసేసుకోండి నన్ను."

ఇంకో కుర్చీ. ఇంకోటి. నేను నాగదుర్గకి వినపడీ వినపడకుండా చెప్తూనే ఉన్నాను, అయిపోయిందమ్మా, మైకు లేదు, కుర్చీలు పోతున్నాయి, నీ వరండా నీకొచ్చేస్తోంది, నీ ఇష్టం, నువ్వెప్పుడంటే అప్పుడే. ఆమెకి అర్థమవుతోందో లేదో తెలీదు, నాకు నేను చెప్పుకుంటున్నానేమో కూడా. ఎంతసేపయిందో తెలీదు. కాలవగట్టు మీద ఏదో లారీ వెళ్ళింది, హాల్లో ఎవరో సన్నగా మూలుగుతున్నారు, ఎండ గచ్చు మీద జరిగింది. ముందు ఆమె మడమలు కిందికి దిగాయి. అది చూసి నాకు ఏడుపొచ్చింది, ఈసారి నొప్పికి కాదు. తరవాత చిటికెనవేలు. దాని పక్క వేలు. కుడిచెయ్యి మొత్తం. ఎడమచెయ్యి ఇంకా కాసేపు ఉంది, మరిచిపోయినట్టు, తరవాత అదీ జారిపోయింది. నేను తల ఎత్తేసరికి నాగదుర్గ మొదటి స్తంభం దగ్గర ఉంది. వేళ్ళ మధ్య నా వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి, అలాగే అరచేత్తో స్తంభాన్ని తాకింది. రెండో స్తంభం. మూడోది. బుల్లెమ్మ చివరి కుర్చీని చంకన పెట్టుకుని గోడకి అతుక్కుపోయి దారి ఇచ్చింది.

అప్పాజీగారు అప్పుడే వచ్చారు. తెల్లపంచె, తెల్లచొక్కా, వెనకాల డ్రైవరు చేతిలో నాకు కప్పడానికి శాలువా. నా అవతారం చూసి గబగబా మెట్లెక్కారు. "ఏంటండీ ఇది! మేడంగారికేమైంది?"

"చిన్న డెమో చూపించారండి మాకు," అన్నాడు పల్లంరాజు.

డెమో. నేను అతని మొహం వైపు చూడలేదు, చూస్తే ఏం చేద్దునో. "సామాన్లగది తాళం తెప్పించండి," అన్నాను అప్పాజీగారితో. నా గొంతు ఇంకా ఆ మెత్తదనంలోంచి బయటికి రాలేదు, గౌరవంగా అడుగుతున్నాననుకున్నారు, "తియ్యవయ్యా రాజూ," అన్నారు.

గదిలో పాత సామాను ఏమీ లేదు. ఒక చాప, ఒక కిటికీ, కిటికీ ఊచ అడుగున రెండు ముళ్ళతో నీలిరంగు తాడు, చేతికొకటి చొప్పున రెండు కొసలు. చాప ఒక పక్క తడిసి ఆరి, తడిసి ఆరి నల్లబడింది. నేను అప్పాజీగారి మొహం కోసం చూశాను. ఆయన ఉలిక్కిపడతారని, నాకు తెలీదండి అంటారని, రాజుగారి మీద విరుచుకుపడతారని, అప్పుడు నా కోపాన్ని కాస్త ఆయనకి పంచి ఇవ్వచ్చని. ఆయన ఉలిక్కిపడలేదు. తాడు చేతిలోకి తీసుకుని నాకు చూపించారు.

"కొబ్బరితాడైతే ఒరుసుకుపోతోందంటే, ఈ నైలాను తాడు నేనే పంపించానండి. మెత్తటిది. మా అమ్మకి కూడా ఆఖర్లో మతి తప్పిపోతే మంచానికి ఇలాంటిదే కట్టేవాళ్ళం. రాత్రిళ్ళు లేచి ఎటెళ్ళిపోతుందోనని. ఏం చేస్తామండీ, బాధగానే ఉండేది." కళ్ళు తడయ్యాయి. నిజంగానే తడయ్యాయి. వాళ్ళమ్మ పేరు గేటు మీద సున్నంతో రాసి ఉంది.

ఈ ఆశ్రమానికి రాజు ఒక్కడే దుర్మార్గుడయితే ఎంత బాగుండేది. ఇంత మంచి మనిషి, ఇంత మెత్తటి తాడు. మా సుకుమార్‌ని కట్టినవాళ్ళు కూడా ఇలాగే తడికళ్ళతో కట్టి ఉంటారు, మెత్తటిది వెతికి మరీ. జాలి పడ్డవాళ్ళ చేతుల్లోనే అయ్యాయి ఇవన్నీ. నా అసలు గొంతు అప్పుడు బయటికి వచ్చింది.

"విప్పండి!"

గది దద్దరిల్లింది. బయట స్తంభాల దగ్గర అడుగుల చప్పుడు ఆగింది. గుమ్మంలో బుల్లెమ్మ నీడ కనబడి, వెనక్కి తిరిగి నాగదుర్గ వైపు వెళ్ళింది. కాసేపటికి అడుగులు మళ్ళీ మొదలయ్యాయి.

అప్పాజీగారు పల్లంరాజుగారి వైపు చూశారు. "రాజుగారు కాదండి," అన్నాను. "మీరు."

ఆయన నన్ను ఒకసారి పైనుంచి కిందిదాకా చూశారు. ఈ ఊళ్ళో ఆయనతో ఎవరూ ఇలా మాట్లాడి ఉండరు. పంచె ఎగ్గట్టుకుని చాప మీద మోకాళ్ళు ఆనించి కూర్చున్నారు. ముడి పట్టుకున్నారు. గోటితో గిల్లారు, తిప్పారు, పంటితో పట్టుకోబోయి మానేశారు. ఉంగరాల చేతులకి చెమట పట్టింది.

"చాకు తే రాజూ."

"చాకు వద్దండి. చేత్తో విప్పండి."

"రావట్లేదండీ. రాయిలా అయిపోయింది. ఎవడు బిగించాడో ఇంత గట్టిగా."

"మీవాళ్ళు ముడి వేసి వెళ్ళి పడుకున్నారండి, అంతే. బిగించింది నాగదుర్గ. రోజూ రాత్రంతా లాగితే అలాగే బిగుసుకుంటుంది."

ఆయన చేతులు ఆగిపోయాయి. ఆయన ఎవరిని తలుచుకుంటున్నారో నాకు తెలుసు, ఆ మంచం కోడు కూడా ఊహించగలను, అయినా నాకు జాలి కలగలేదు, కలగనివ్వలేదు. ఫొటోగ్రాఫరు గుమ్మంలోకి తొంగిచూసి, "అయ్యగారూ, లైటు పోతందండి, రమ్మంటారా?" అన్నాడు, పల్లంరాజు చెయ్యి ఊపి పొమ్మన్నాడు. అప్పాజీగారు తల ఎత్తకుండానే, "రాత్రి డ్యూటీకి ఇంకో ఇద్దర్ని పెట్టు రాజూ. ఇవాళ్టి నుంచే," అన్నారు. మళ్ళీ ముడి పట్టుకున్నారు. బొటనవేలి గోరు విరిగింది, వేలు నోట్లో పెట్టుకుని తీసి, మళ్ళీ పట్టుకున్నారు. నా చెవి వెనక నుంచి తడిగా ఏదో మెడ మీదికి దిగుతోంది. తుడుచుకోలేదు. అలాగే ఆయన నెత్తిన నిలబడ్డాను.

చివరికి ఒక పోగు కదిలింది, దాని వెంట ఇంకొకటి, తాడు వదులై ఒక కొస చాప మీద పడింది. ఆయన పెద్దగా ఊపిరి వదిలి, లేవడానికి గోడ పట్టుకున్నారు.

"కూర్చోండి," అన్నాను. "రెండో చెయ్యిది ఉంది."